బాలా? స్ట్రైకా? – అంపైర్‌కు తోడుగా కెమెరా



ఈ రోజు మనం అమెరికా బేస్‌బాల్ మైదానానికి వెళ్దాం. ఆట నియమాలన్నీ మనకు అవసరం లేదు, ఒక్కటి తెలిస్తే చాలు. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ కొట్టకుండా వదిలేశాడనుకోండి. అది హోమ్ ప్లేట్ మీదుగా, నిర్ణీతమైన ఎత్తులో వెళ్లిందా లేదా అన్నది వెనుక నిలబడిన అంపైర్ చెప్పాలి. వెళ్తే 'స్ట్రైక్', లేకపోతే 'బాల్'. మూడు స్ట్రైకులకు బ్యాటర్ అవుట్. నాలుగు బాల్స్ పడితే ఉచితంగా మొదటి బేస్ చేరతాడు.

ఇది ఎంత కష్టమో లెక్క వేసి చూద్దాం. బంతి పిచర్ చేతిని వదిలిన చోటి నుంచి ప్లేటుకు సుమారు 17 మీటర్లు. వేగం గంటకు 150 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. ప్రయాణ కాలం 0.4 సెకను. ఈలోగా గురుత్వాకర్షణ బంతిని ½ × 9.8 × 0.4 × 0.4, అంటే సుమారు 78 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. బంతి గిరగిరా తిరిగితే దారి మరికాస్త వంగుతుంది. ప్లేటు వెడల్పు 43 సెంటీమీటర్లే. దాని మీదుగా బంతి దాటే సమయం సెకనులో సుమారు నూరోవంతు! పైగా బంతిని పట్టిన క్యాచర్ గ్లవ్‌ను మెల్లగా లోపలికి జరిపి, స్ట్రైకే అన్నట్లు చూపిస్తాడు. పాపం అంపైర్!

2001లో క్వెస్‌టెక్ అనే కెమెరా పద్ధతి వచ్చింది. అది అంపైర్లకు సాయం చేయడానికి కాదు, వాళ్ల తీర్పులను పరీక్షించడానికి. అందరికీ అది నచ్చలేదు. 2003లో కర్ట్ షిల్లింగ్ అనే పిచర్ ఒక కెమెరాను పగలగొట్టి జరిమానా కట్టాడు. 2019లో అట్లాంటిక్ లీగ్‌లో రాడార్ చెప్పిన తీర్పును అంపైర్ చెవిలో విని ప్రకటించాడు. 2020 నుంచి మేజర్ లీగ్ మైదానాల్లో హాక్-ఐ కెమెరాలు 12 అమర్చారు.

కెమెరా దూరాన్ని ఎలా కనుక్కుంటుంది? మీ చూపుడు వేలు ముఖం ముందు నిలబెట్టి, ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు జరిగినట్లు కనిపిస్తుంది. ఒక కెమెరా బంతి ఏ దిక్కున ఉందో మాత్రమే చెబుతుంది. వేర్వేరు చోట్ల ఉన్న రెండు కెమెరాల దృష్టి రేఖలు కలిసే బిందువే బంతి ఉన్న చోటు. మిగతా కెమెరాలు పొరపాటును తగ్గిస్తాయి.

క్రికెట్‌లో ఎల్‌బిడబ్ల్యు చూసే మీకు హాక్-ఐ పాత నేస్తమే. కానీ ఒక తేడా ఉంది. అక్కడ బంతి ప్యాడ్‌కు తగిలి ఆగిపోతుంది కాబట్టి, మిగిలిన దారిని ఊహించాలి. బేస్‌బాల్‌లో బంతి నిజంగానే ప్లేటు దాటుతుంది, కొలిస్తే చాలు.

మరి చిక్కు ఎక్కడ? కొలతలో కాదు, నిర్వచనంలో! పుస్తకంలోని నియమం మోకాలి చిప్ప కింది గుంట నుంచి, భుజానికీ నడుముకూ నడిమధ్య దాకా అంటుంది. బ్యాటర్ వంగి నిలబడితే ఆ హద్దులూ మారతాయి. యంత్రానికి అంకెలు కావాలి. అందుకని బ్యాటర్ ఎత్తులో 27 శాతం కింది హద్దు, 53.5 శాతం పై హద్దు అని నిర్ణయించారు. అంపైర్లు ఏళ్ల తరబడి కంటితో గీసుకున్న గీతను ఇప్పుడు మరికొందరు మనుషులు అంకెతో గీశారన్న మాట.

2026 సీజన్ నుంచి మేజర్ లీగ్ మధ్యేమార్గం ఎంచుకుంది. తీర్పు అంపైర్‌దే. బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఎవరైనా వెంటనే టోపీనో హెల్మెట్‌నో తట్టి సవాలు చేయవచ్చు. జట్టుకు రెండు సవాళ్లు, నెగ్గితే ఆ సవాలు చేతిలోనే ఉంటుంది. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ఇంటికెళ్లాక ఒక పని చేయండి. మీ ఎత్తు కొలిచి, ఆ రెండు శాతాలూ గోడ మీద సుద్దతో గీయండి. తర్వాత మోకాళ్లు వంచి, బ్యాటు పట్టినట్లు నిలబడి, గీతలు ఎక్కడ పడ్డాయో మీ స్నేహితుణ్ణి చూడమనండి.