పల్నాటి పల్లెలలో అప్పు పుట్టే చోట్లు

ఊరికి అవసరమైన వాటిని లెక్కపెట్టుతూ సుమతీశతకకర్త వైద్యుని కంటె ముందుగా, పారే యేటి కంటె ముందుగా అప్పు ఇచ్చేవానిని పేర్కొన్నాడు. అప్పు పుట్టని ఊరిలో కాపురం సాగదని ఆ నీతికారుని అభిప్రాయం. నేడు మన పల్లెలలో అప్పు ఇచ్చేవారికి కొదువ లేదు. ఒకరు కాదు, పదిమంది ఉన్నారు. ఎవరి గడప తొక్కితే తీర్చగల అప్పు పుట్టుతుందో, ఎవరి గడప తొక్కితే తీరని అప్పు నెత్తిన పడుతుందో తెలిసికొనుటే ఇప్పటి చిక్కు. పల్నాడు జిల్లాను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం ముచ్చటించదలచినాము. ఇతర జిల్లాల శ్రోతలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుండి వేరుపడి, నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడినది. నాగార్జునసాగరు కుడికాలువ నీరు అందే పొలాలు, వాననే నమ్ముకొన్న మెట్టపొలాలు రెండూ ఇక్కడ ఉన్నవి. మిరప, పత్తి ప్రధానమైన పైరులు. మిరపకు పెట్టుబడి హెచ్చు. నారు, ఎరువు, పురుగుమందు, కలుపుకూలి, కోతకూలి, అన్నిటికీ ముందుగా సొమ్ము పెట్టవలెను. సొమ్ము చేతికి వచ్చేది మాత్రం కాయలు కోసి, ఎండబెట్టి, గుంటూరు యార్డుకు చేర్చి అమ్మిన తరువాతనే. ఖర్చు ఏడాది పొడుగునా, రాబడి ఒకటి రెండు విడతలలో. ఈ నడిమి కాలంలోనే పిల్లవాని కళాశాల రుసుము, ఇంట్లో జబ్బు, ఆడపిల్ల పెండ్లి వచ్చి పడుతవి. పల్లెలో అప్పునకు మూలం దుబారా కంటె ఎక్కువగా ఈ కాలభేదమే.

1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతులు చేసిన అప్పులో సహకార సంఘాల వాటా నూటికి 3 పాళ్లు మాత్రమేననీ, వడ్డీవ్యాపారుల వాటా దాదాపు 70 పాళ్లనీ తేలినది. ఆ తరువాత 1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయం చేయబడినవి. 1975లో గ్రామీణ బ్యాంకులు పుట్టినవి. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చినది. బ్యాంకు ఊరికి దగ్గరైనది. అయినప్పటికీ వడ్డీవ్యాపారి ఊరు విడిచిపోలేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆయన లేచి సొమ్ము ఇస్తాడు, కాగితాలు అడగడు. ఆ సౌకర్యానికే మనం వెల చెల్లిస్తున్నాము. ఆ వెల ఎంతో ముందుగా చూతము.

పల్లెలో వడ్డీని రూపాయలలో చెప్పుట ఆచారం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు ఒక రూపాయి. సంవత్సరానికి 12 శాతం. రెండు రూపాయలైతే 24, మూడు రూపాయలైతే 36, ఐదు రూపాయలైతే 60 శాతం. "మూడు రూపాయలేగదా" అని వింటే చిన్నమాటగానే తోస్తుంది. కాని 50,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన కుటుంబం ఏడాది తిరిగేసరికి 18,000 వడ్డీ క్రింద ఇవ్వవలెను. అంతే సొమ్మును 4 శాతానికి తెచ్చినవారు ఇచ్చేది 2,000. ఆ 16,000 తేడా అదే ఇంటివారి చెమట.

ప్రోనోటు సంగతి మరింత జాగ్రత్తగా గమనించవలెను. మొత్తం వ్రాయని కాగితంపై, స్టాంపు అంటించి సంతకం చేసి ఇచ్చుట మన పల్లెలలో ఉన్నదే. అట్టి కాగితాన్ని పూర్తిచేసికొనే అధికారం పట్టుకొన్నవానికి చట్టమే ఇస్తున్నది. కనుక మొత్తం, వడ్డీరేటు, తేదీ వ్రాయని కాగితంపై చేవ్రాలు చేయరాదు. ప్రోనోటుకు మూడేండ్ల కాలదోషం ఉన్నది. అది సమీపించగానే బాకీపడిన వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుట పరిపాటి. నాటి నుండి వడ్డీకి కూడా వడ్డీ నడుస్తుంది. చెల్లించిన ప్రతి పైకమూ నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను. బాకీ తీరిననాడు పాత నోటు చేతికి తీసికొని చించివేయవలెను.

ఎరువుల దుకాణంలో అరువు, కమీషను వ్యాపారి ఇచ్చే పెట్టుబడి కూడా అప్పులే. వాటి వడ్డీ కాగితంపై కనబడదు. సరకు ధరలో, పంటకు కట్టే వెలలో దాగి ఉంటుంది. పంటను తన వద్దకే తేవలెనన్న షరతు ఉన్నప్పుడు, రైతు బేరమాడే హక్కును కూడా తాకట్టు పెట్టినట్లే. కోసిన మిరపను శీతల గిడ్డంగిలో ఉంచి, ఆ రసీదుపై బ్యాంకులో అప్పు తెచ్చుకొనే మార్గమొకటి ఉన్నది. ధర లేని రోజున తెగనమ్ముకొనకుండా కొంతకాలం ఆగుటకు అది ఉపకరిస్తుంది. అయితే గిడ్డంగి అద్దె, వడ్డీ రెండూ పెరుగుతుంటవి కనుక ఎంతకాలం ఆగవచ్చునో లెక్కవేసికొనవలెను.

ఇక చౌక అప్పుల సంగతి. వ్యవసాయానికి అన్నిటికంటె చౌక అయినది బ్యాంకులోగాని, ఊరి సహకార పరపతి సంఘంలోగాని తీసికొనే పంటరుణం. కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం క్రింద 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. గడువులోగా తీర్చినవారికి మరి 3 శాతం తగ్గి, 4 శాతమే పడుతుంది. గడువు దాటిన యెడల ఆ లాభం పోతుంది. 2025 జనవరి నుండి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు నియమించినది. చాలమంది గమనించని విశేషం మరొకటి ఉన్నది. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి కట్టేటప్పుడు, పంట ఖర్చునకు అదనంగా అందులో పదవ వంతు ఇంటి ఖర్చులకు, కోత అనంతరపు ఖర్చులకు చేర్చుతారు. ఇంటి అవసరానికి మూడు రూపాయల వడ్డీకి పోకముందు తన కార్డులో ఎంత మిగిలి ఉన్నదో ప్రతి రైతూ చూచుకొనవలెను. పూర్వపు చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు ఖాతాదారులు ఒక సంగతి గుర్తుంచుకొందురుగాక: 2025 మే 1 నుండి ఆ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయినది.

ఈ మేలు పట్టాదారుకు అందినంత సులువుగా కౌలుదారుకు అందుట లేదు. సేద్యం చేసేది ఒకరు, కాగితం మరొకరి పేర. 2011లో వచ్చిన చట్టం కౌలుదారులకు రుణ అర్హత పత్రాలు ఇవ్వవలెనన్నది. 2019లో వచ్చిన చట్టం పదకొండు నెలలు చెల్లే సాగుహక్కు పత్రాన్ని ఏర్పరచినది. దానికి భూయజమాని సమ్మతి అవసరమైనది. ఆ సంతకం పెడితే భూమిపై తమ హక్కునకు భంగం కలుగునేమోనని జంకినవారు ఎందరో. ఆ పత్రం సాగుకే గాని భూమిపై హక్కు కల్పించదు. ఈ మాట యజమానులకు నచ్చజెప్పుట గ్రామపెద్దలు చేయదగిన మంచిపని. పత్రం లేని కౌలుదారులు నలుగురు మొదలు పదిమంది వరకు ఉమ్మడి బాధ్యతా సంఘంగా చేరి, పరస్పరం పూచీ ఉండి బ్యాంకును అడుగవచ్చును. 

స్త్రీల పొదుపు సంఘాలు తెలుగుదేశపు పల్లెలకు కలిగిన గొప్ప ఆస్తి. సారావ్యతిరేకోద్యమం సాగిన నెల్లూరు జిల్లాలో, రోజుకొక రూపాయి చొప్పున దాచుకొనుటతో ఆరంభమైన పొదుపు నేడు ఊరూరా వ్యాపించినది. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు, పావలా అంటే నూటికి నెలకు 25 పైసలు, అనగా సంవత్సరానికి 3 శాతమని నిరక్షరాస్యులు కూడ లెక్క చెప్పగలిగినారు. ప్రభుత్వాలతోపాటు రాయితీలు మారుతూ వచ్చినవి. సంఘం మాత్రం నిలిచినది. సంఘానికి బ్యాంకు 20 లక్షల వరకు తాకట్టు లేకుండా అప్పు ఇస్తుంది. 2011లో స్థాపించిన స్త్రీనిధి ఆకస్మిక అవసరాలకు త్వరగా అప్పు అందించుటకే పుట్టినది. ఆసుపత్రి ఖర్చునకు, పిల్లల చదువునకు గృహిణి మొదట తొక్కవలసిన గడప తన సంఘానిదే. ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఉన్నది. ఒకరు కట్టని వాయిదా తక్కినవారి నెత్తిన పడుతుంది. ఒకరి పేర తీసి మరొకరికి ఇచ్చే బినామీ అప్పు సంఘానికి చెదపురుగు వంటిది.

బంగారం తాకట్టు గంటలో సొమ్ము తెచ్చిపెడుతుంది. బ్యాంకులో తాకట్టు, ఊరి షావుకారు వద్ద తాకట్టుకంటె సాధారణంగా చౌక. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ప్రకటించిన నియమాల ప్రకారం, రెండున్నర లక్షల లోపు అప్పునకు బంగారం విలువలో 85 శాతం మించరాదు. బాకీ తీర్చిన ఏడు పనిదినాలలో నగ తిరిగి ఇవ్వని సంస్థ రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇచ్చుకొనవలెను. తూకం, స్వచ్ఛత వ్రాసిన రసీదు లేనిదే నగ చేయి దాటరాదు. ఏటేటా వడ్డీ మాత్రమే కట్టి తిరుగవ్రాయించుకొనుచున్న నగ, చివరకు వేలంలో కనబడుట కొత్త కాదు.

ఇంటి ముంగిటికి వచ్చి వారం వారం వసూలు చేసే సూక్ష్మరుణ సంస్థల కథ తెలుగువారు మరువరానిది. ఒకే ఇల్లాలి పేర మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చుట, వసూలుకై తోటి స్త్రీలచేతనే నిందింపజేయుట, కొందరు ప్రాణాలు తీసికొనుట జరిగిన పిమ్మట, 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినది. తరువాత వచ్చిన చట్టం వడ్డీ మొత్తం అసలును మించరాదన్నది. 2022లో రిజర్వు బ్యాంకు దేశమంతటికీ నియమాలు చేసినది. వాటి ప్రకారం ఒక కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలకు కట్టే వాయిదాలు ఆ కుటుంబ ఆదాయంలో సగం మించరాదు. ఉదయం 9 గంటలకు ముందుగాని, సాయంకాలం 6 గంటల తరువాతగాని వసూలుదారు వేధించరాదు.

ఇట్టి అప్పులలో వడ్డీని చెప్పే తీరును పరీక్షించవలెను. 10,000 రూపాయలు, సంవత్సరానికి 12 శాతం, పన్నెండు నెలల వాయిదాలు అన్నారనుకొందము. వడ్డీ 1,200, మొత్తం 11,200. చూపునకు రూపాయి వడ్డీయే. కాని మొదటి నెలలో మాత్రమే 10,000 మన వద్ద ఉంటవి. నెలనెలా అసలు తరుగుతూ, చివరి నెలకు మిగిలేది 833 రూపాయలు. సగటున ఏడాదిలో మనం వాడుకొన్నది సుమారు 5,400. దానిపై 1,200 అంటే 22 శాతం. అనగా అది రూపాయి వడ్డీ కాదు, దాదాపు రెండు రూపాయల వడ్డీ. రుసుములు చేరితే మరింత. అందుకే 2024 అక్టోబరు నుండి అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ఒక్క కాగితంపై చూపవలెనని నియమం వచ్చినది. ఆ కాగితం అడిగి తీసికొనుట మన హక్కు. 

సెల్‌ఫోనులో నిమిషాలలో దొరికే అప్పు అన్నిటికంటె ప్రమాదకరం. 5,000 అప్పు అని పేరు. చేతికి వచ్చేది మూడున్నర వేలు. వారంలో 5,000 కట్టుమని గర్జింపు. ఫోనులోని బంధుమిత్రుల పేర్లు, ఛాయాచిత్రాలు లాగికొని పరువు తీస్తామని బెదిరింపు. రుణ యాప్‌లు అట్లు లాగికొనరాదని 2022 నాటి నియమాలే చెప్పినవి. రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థలు తమవిగా తెలిపిన యాప్‌లు ఏవో రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో 2025 జూలై నుండి చూడవచ్చును. జాబితాలో లేని యాప్‌ను ఫోనులో ఎక్కించకుండుట ఉత్తమం. చీటీపాటలకు కూడా 1982 నాటి చట్టం ఉన్నది. రిజిస్టరు కాని చీటీలో వేసిన సొమ్మునకు పాటదారు మాటయే జామీను.

కొన్ని అవసరాలకు అప్పే అక్కరలేదు. తెల్లకార్డు కుటుంబాలకు పెద్ద జబ్బుల చికిత్సకు 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకం ఉన్నది. ఆసుపత్రిలో చేరకముందే విచారించినయెడల పొలం తాకట్టు తప్పవచ్చును. పైచదువులకు 4 లక్షల వరకు తాకట్టులేని విద్యారుణం బ్యాంకులలో లభిస్తుంది.

ఇన్ని మార్గాలను పరిశీలించినపుడు ఒక సత్యం గోచరిస్తుంది. చౌక అప్పునకు కాగితమూ కాలమూ కావలెను. ప్రియమైన అప్పునకు రెండూ అక్కరలేదు. ఆపద కాగితాలు సిద్ధం చేసికొనేవరకు ఆగదు. కనుక అవసరం లేని రోజులలోనే చౌక అప్పునకు దారి వేసికొనవలెను. సంఘంలో సభ్యత్వం, బ్యాంకు ఖాతా, సాగుహక్కు పత్రం, గడువులో తీర్చిన చిన్న అప్పు, ఇవన్నీ పంట ఇంటికి వచ్చిన చల్లని వేళ సమకూర్చుకొనవలసినవి. మన అప్పుల చరిత్రను నమోదుచేసే సంస్థలు ఏడాదికొకసారి ఉచితంగా నివేదిక ఇస్తవి. మనకు తెలియని బాకీ మన పేర ఉన్నదేమో అందులో చూచుకొనవచ్చును. బ్యాంకుగాని, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకం క్రిందికి వచ్చే మరే సంస్థగాని ఫిర్యాదుకు ముప్పది దినాలలో న్యాయం చేయని యెడల అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా విన్నవించుకొనవచ్చును. సమాచారానికి ఫోను సంఖ్య 14448.

అన్నిటికంటె మిన్న అయిన కట్టుబాటు ఇంట్లోనే ఉన్నది. భర్త చేసిన అప్పు భార్యకు, భార్య చేసిన అప్పు భర్తకు తెలియని ఇండ్లు మన పల్లెలలో చాలా ఉన్నవి. ఈ వారంలో ఒక సాయంకాలం ఇద్దరూ కూర్చుండి, ఒక తెల్లకాగితంపై ఎవరికెంత బాకీ, ఏడాదికి వడ్డీ ఎంత, గడువు ఎన్నడు అని వరుసగా వ్రాయవలెను. అన్నిటికంటె వడ్డీ హెచ్చైన దానికి ఎదురుగా ఒక గీత గీయవలెను. మిరప అమ్మిన సొమ్ము మొదట ఆ గీత ఉన్న చోటికే పోవలెను.