మిత్రరాజ్యములు – సైన్యవ్యయము



శత్రువునకు వెఱచి ఆయుధములు కూర్చుకొనుట లోకసహజము. మిత్రునకు వెఱచి కూర్చుకొనుట వింతగా తోచును. కాని నల్లగొండ, పాలమూరు సీమలు ఏ నైజాము రాజ్యములో నుండెనో, ఆ రాజ్యము స్వాతంత్ర్యమును గోల్పోయినది ఇట్టి వెఱపు వలననే.

1790లో టిప్పు సుల్తానుపై నిజాం అలీఖాను, పూనా పేష్వా, ఇంగ్లీషు కుంపిణీ కూటమి కట్టిరి. 1792లో టిప్పు సగము రాజ్యమును విడిచి, 3 కోట్ల 30 లక్షల రూపాయలు చెల్లించుటకు ఒప్పుకొనెను. మువ్వురును పంచుకొనిరి. అయినను హైదరాబాదునకును పూనాకును నడుమ చౌతు బాకీల తగవు అట్లే నిలిచెను. ఒడంబడిక ఉమ్మడి శత్రువును గూర్చి చెప్పినదే గాని, మిత్రుల తగవును తీర్చలేదు. ఎవరి సేన ఎంత యుండవలెనో నిర్ణయింపలేదు.

అందుచేత పోటీ సాగెను. మరాఠా సర్దారు మహాదజీ సింధియా ఐరోపా సేనానులచే పటాలములకు క్రొత్త కవాతు నేర్పించెను. నిజాము రేమాన్ అను ఫ్రెంచివానిని కొలువున నుంచి పటాలములను పెంచెను. హైదరాబాదులో ఫిరంగులు పోతపోసిన తోపుల సాంచా ఆ కాలపుదే. నల్లగొండ దారిని నగరము చేరువారు మలకుపేట చేరువను వినెడి మూసారాంబాగు అను పేరు రేమానుదే యని చెప్పుదురు.

1795 మార్చి 11న ఖర్డాయొద్ద నిన్నటి మిత్రులిద్దరును తలపడిరి. మూడవ మిత్రుడగు కుంపిణీ తటస్థముగా నుండెను. ఓడిన నిజాము దౌలతాబాదును, సుమారు 3 కోట్ల రూపాయలను ఇత్తునని ఒప్పుకొనెను. పిమ్మట రేమాను సేనను మరింత పెంచెను. జీతములు బాకీపడిన ఆ సేన 1798 అక్టోబరు 22న కుంపిణీ బలగముల యెదుట ఆయుధములు దించెను. అంతకు ముందే, సెప్టెంబరు 1న, ఆరు ఇంగ్లీషు పటాలములకు ఏటికి 24,17,100 రూపాయలిచ్చుటకు నిజాము ఒడంబడిక చేసికొనియుండెను. 1800లో ఆ ఖర్చు క్రిందనే బళ్లారి, కడప మొదలగు సీమలు దత్తమయ్యెను. టిప్పునుండి వచ్చిన భూమి, మిత్రుని సేనను పోషించుటకే చెల్లిపోయెను!

1800 ఒడంబడిక ప్రకారము యుద్ధకాలమున నిజాము 6,000 కాల్బలమును, 9,000 గుఱ్ఱపుదళమును పంపవలెను. ఆ మిషతో ఇంగ్లీషు అధికారుల క్రింద మరియొక సేన ఏర్పడి, శాంతికాలమునను తొలగకుండెను. దాని జీతములకై పేష్కారు చందూలాలు పామరు కంపెనీ యొద్ద అప్పులు తెచ్చెను. ఆ ఋణము తీర్చుటకు 1823లో ఉత్తర సర్కారులపై ఏటికి వచ్చుచుండిన 7 లక్షల పేష్కషును వదలుకొనవలసివచ్చెను. అయినను బాకీ మరల పెరిగెను. 1853లో బేరారును, పాలమూరు సీమకు కృష్ణ కావలనున్న రాయచూరు అంతర్వేదియు కుంపిణీ చేతిలోనికి పోయెను. రాయచూరు 1860లో తిరిగివచ్చెను, బేరారు రాలేదు.

ఈ లెక్క చెల్లించిన దెవరు? మిట్టనేలలో చెఱువు నిండిననే పండు పొలము కల రైతు. శిస్తు వసూలు గుత్తకిచ్చిన రోజులలో గుత్తదారుకు కావలసినది ఈ యేటి సొమ్మే గాని, వచ్చే యేటి చెఱువుకట్ట కాదు. 1853లో దివానుగిరి చేపట్టిన సాలార్‌జంగు ఈ పద్ధతిని మార్చి, 1865లో జిల్లాబందీ చేయవలసివచ్చెను.

పోటీపడిన పేష్వా గెలిచెనా? అతడును 1802లో వసాయి సంధిచే కుంపిణీ సేనకు లోబడెను. 1818లో రాజ్యమే పోయెను. గ్రీసు, టర్కీలు 1952లో ఒకే నాటో కూటమిలో చేరియు, 1974లో సైప్రసు తగవున యుద్ధపుటంచునకు వచ్చి, పిదపను ఒకదానిని జూచి మరియొకటి ఆయుధములు పెంచుచు వచ్చెను.

కావున మైత్రి సంధి ఏదైన పత్రికలో చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. మిత్రుల నడుమనున్న పాత తగవు తీరినదా? ఆయుధముల ఖర్చునకు మేర యున్నదా? ఈ రెండును లేనిచో మూడవవాడు అప్పు పుస్తకము తెరచుకొని గుమ్మములో వేచియుండును.