దవడ ఎందుకు బిగుసుకొంటుంది? తల, మెడ కండరాలు



ఈనాటి మన పాఠ్యాంశం తల, మెడ కండరాలు. పేర్లు బట్టీపట్టే పని తరువాత చూద్దాం. ముందుగా ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాకు, బచేలికి వెళ్దాం. అక్కడి ఇనుప గనుల కొండల పేరు బైలడిలా. అంటే ఎద్దు మూపురం. మన ఎద్దు మూపురం వట్టి కొవ్వు ముద్ద కాదు, అందులో కండరం ఉంది. మనకు మూపురం లేదు గాని, ఆ చోటనే తల వెనుక నుంచి భుజాలకూ, నడివీపు దాటి కిందికీ పరచుకొన్న ట్రెపీజియస్ అనే పెద్ద కండరం ఉంది. "ఏమో, నాకు తెలీదు" అని భుజాలు ఎగరేస్తాం చూడండి, అప్పుడు పనిచేసేది ఇదే.

కిరండూల్ నుంచి బచేలి మీదుగా విశాఖపట్నం వెళ్ళే రైల్లో కూర్చొని కునుకు తీసేవారిని గమనించారా? తల ఎక్కువగా ముందుకే వాలుతుంది. ఎందుకని? తల బరువు సుమారు 4 నుంచి 5 కిలోలు. దాని గరిమనాభి, తల వెన్నెముకతో కలిసే కీలుకు కొంచెం ముందు ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెడ వెనుక కండరాలు దాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే అవి ముందువైపు వాటికంటే బలమైనవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ముఖాన్ని ఎడమకు తిప్పి, మెడ కుడిపక్కన తాకి చూడండి. తాడులాంటిది తగులుతుంది. అది స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. పేరు పొడవే గాని భయం అక్కరలేదు. ఉరోస్థి, జత్రుక, చెవి వెనుక ఎముక, ఈ మూడింటి పేర్లూ కలిపి పెట్టారు.

తరువాత చెంపల మీద వేళ్ళుంచి పళ్ళు బిగించండి. గట్టిపడినది మాసెటర్. కణతల దగ్గర కదిలినది టెంపొరాలిస్. ఈ రెండూ దవడను మూసేవి. తెరిచే కండరాలు వీటి ముందు చాలా బలహీనం. నమలడానికి బలం కావాలి, తెరవడానికి అంత అక్కరలేదు కదా!

ఈ బలాబలాలే ఒక వ్యాధిలో ప్రాణం మీదికి వస్తాయి. అది ధనుర్వాతం. ఇనుప తుప్పు వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. అదే నిజమైతే, ఎర్రటి ఖనిజపు ధూళి మధ్య బతికే బచేలిలో ఇంటింటా ఉండాలి! అసలు కారణం క్లాస్ట్రీడియమ్ టెటానీ అనే బాక్టీరియా. దాని సిద్ధబీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. ముల్లు గుచ్చుకొన్నా చాలు.

ఒక కండరం ముడుచుకొనేటప్పుడు ఎదుటి కండరాన్ని సడలించే సంకేతాలు వెన్నుపాములో, మెదడు కాండంలో పనిచేస్తాయి. ఈ బాక్టీరియా విషం వాటిని ఆపేస్తుంది. ఇక అన్నీ ఒకేసారి బిగుస్తాయి, బలమైనది గెలుస్తుంది. దవడ మూసుకుపోతుంది. మెడ వెనక్కి వంగుతుంది. వీపు విల్లులా వంగుతుంది, అందుకే ఆ పేరు. విషం నాడుల వెంట ప్రయాణిస్తుంది. దవడ నాడి పొట్టిది కాబట్టి, సాధారణంగా మొదటి లక్షణం అక్కడే కనిపిస్తుంది.

నవజాత శిశువుల ధనుర్వాతాన్ని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు మన దేశానికి 2015లో గుర్తింపు లభించింది. కాని నేలలో బీజాలు అలాగే ఉన్నాయి. జాతీయ టీకాల పట్టికలో 10, 16 ఏళ్ళకు టీడీ టీకా ఉంది. మీలో చాలామందిది ఆ వయసే, వేయించుకొన్నారో లేదో ఇంట్లో అడగండి.

చివరగా ఒక చిన్న పరీక్ష. మీ మూడు వేళ్ళు ఒకదానిపై ఒకటి నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. పట్టకపోతే జ్ఞానదంతం వాపు కావచ్చు, గుట్కా నమిలేవారిలో నోటి లోపలి పొర బిగుసుకొని ఉండవచ్చు. గాయమైన కొద్దిరోజులకు, అంటే సాధారణంగా 3 నుంచి 21 రోజుల లోపు, నోరు తెరవడం కష్టమైతే మాత్రం పంటినొప్పి అనుకొని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.