కూరలో మన పోగు



ఈ రోజు పాఠం పుస్తకంలోది కాదు. పొయ్యి మీదిది. యాటకూర గురించి మాట్లాడుకుందాం. మీరు నవ్వుతున్నారు. "మాకు వంట నేర్పనీకి వచ్చినవా టీచరమ్మా?" అని మీ మొహాలే అడుగుతున్నాయి. నిజమే. నేను టీచర్ ట్రైనింగ్ చదివాను గానీ వంట చదవలేదు. పోయిన దసరాకు మా అమ్మ వండుతుంటే పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. అదే చెబుతాను. తప్పు ఉంటే దిద్దండి.

దసరాకు మా వాడలో కొన్ని ఇళ్లవాళ్లు కలిసి యాటను కోస్తారు. పోగులు వేస్తారు. ప్రతి పోగులో మెత్తని ముక్క, బొక్క, కార్జం, కొవ్వు అన్నీ సమానంగా పడాలి. ఎవరి పోగులోనైనా కార్జం తక్కువ పడితే ఊరుకుంటారా? పెద్ద గొడవే.

మా పోగు కిలో తూగింది. అమ్మ ముక్కలు కడిగి నీళ్లు బాగా వంచేసింది. అర చెంచా పసుపు, తగినంత ఉప్పు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట పక్కన పెట్టింది.

ఈలోపు మసాలా. రెండు చెంచాల ధనియాలు, చిన్న కుడుక ముక్క, చెంచా గసగసాలు, నాలుగు లవంగాలు, రెండు యాలకులు, చిటికెన వేలంత దాల్చిన చెక్క. వేరు వేరుగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే గసగసాలు మాడిపోతాయి. అమ్మ పండుగకు రోట్లోనే నూరుతుంది. రుచి మారుతుందో లేదో గానీ నా చేతులు మాత్రం నొచ్చాయి.

గిన్నెలో నూనె కాగాక మూడు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి వేసింది. ఎర్రబడ్డాక మాంసం వేసింది. ఇక్కడే ఉంది అసలు పని. వెంటనే నీళ్లు పోయలేదు. మూత పెట్టి మగ్గనిచ్చింది. మాంసంలోంచి నీరు ఊరింది. అది ఇగిరి నూనె తేలేదాకా కలుపుతూనే ఉంది. "గీడ తొందరపడితే కూర నీసు వాసనొస్తది బిడ్డా" అంది. అప్పుడు రెండు గ్లాసుల వేడి నీళ్లు పోసింది. చల్లనీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. కట్టెల పొయ్యి మీద గంటకు పైనే పట్టింది. కుక్కర్ అయితే ఐదారు విజిల్స్ చాలు. ముదురు మాంసమైతే పచ్చి బొప్పాయి ముక్క వేయండి, మెత్తబడుతుంది. చివర మసాలా వేసి పది నిమిషాలు ఉంచి, కొత్తిమీర చల్లి దించింది. వాసన వీధి దాకా పోయింది.

నాన్న, తమ్ముడు, వచ్చిన చుట్టాలు తిన్నారు. తర్వాత నేను తిన్నాను. చివరికి అమ్మ కూర గిన్నెలోనే అన్నం వేసుకుని తుడుచుకుని తింది. నేను చూశాను. అందులో ఉన్నది ఒక్క బొక్క. "అమ్మా, నీకు ముక్కలేవి?" అని అడిగాను. "నాకు ముక్కలు పడవు బిడ్డా" అంది. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటున్నాను, నమ్మాను కూడా. పోగులు వేసేటప్పుడు అంత లెక్క చూస్తాం కదా! గిన్నె దించాక ఏ లెక్కా లేదు.

ఆ నెలలోనే అమ్మకు కళ్లు తిరిగాయి. పరీక్ష చేసి, రక్తం తక్కువ ఉందన్నారు. అమ్మ ఒక్కతే కాదు. 2019 నుంచి 2021 దాకా దేశమంతటా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. ఆ లెక్కన ఇరవై మంది కూర్చుంటే పదకొండు మంది.

రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. అది ఆకుకూరల్లో ఉంది, మాంసంలోనూ ఉంది. మాంసంలోది ఒంటికి సులువుగా పడుతుంది. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, మేలు. అన్నం తినగానే టీ తాగకండి, గంట ఆగండి. అయితే మాంసం ఒక్కటే మందు కాదు. కళ్లు తిరిగినా ఆయాసం వచ్చినా పరీక్ష చేయించుకోవాలి. ఇచ్చిన ఇనుము మాత్రలు మధ్యలో మానొద్దు.

సంక్రాంతికి మళ్లీ కూర వండారు. ఈసారి వడ్డించక ముందే నేను చిన్న గిన్నెలో అమ్మకు ముక్కలు తీసి పెట్టాను. అమ్మ సిగ్గుపడింది. "ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?" అంది. నాన్న చూడనే చూశాడు.

"నాకు తెల్వదు. ఎన్నడన్న చెప్పినవా?" అన్నాడు.

"ఎన్నడన్న అడిగినవా?" అంది అమ్మ.

నాన్న మాట్లాడలేదు. అమ్మ నాలుగు ముక్కలు తింది. బాగానే పడ్డాయి.

సరే, ఇప్పుడు పలకలు తీయండి. కారం, కార్జం, కుడుక. ఈ మూడు మాటలు రాయండి. వాటి కింద మీ ఇంట్లో కూర తినేవాళ్ల పేర్లు రాయండి. వెనక కూర్చున్న పెద్దమ్మా, అందులో నీ పేరు లేదేం? నీ పేరు కూడా రాయి.