చెఱసాలలో చేతిపని

ఖైదీలకు మగ్గపుపని నేర్పుటలోనే జీవితము గడపిన పెద్దల స్మృతికై సమావేశమైతిమి గనుక, ఆ పనియొక్క చరిత్రనే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని. చెఱలో నున్నవానిచేత పని చేయించుట మన దేశమున క్రొత్త కాదు. ఆ పని యెవరి మేలుకొఱకు అను ప్రశ్నకు మాత్రము తరతరమునకు వేఱు సమాధానములు పుట్టినవి.

1835లో మెకాలే చేసిన సూచన ననుసరించి మఱుసటి యేడు ఏర్పడి, 1838లో నివేదిక నొసగిన కారాగార సంఘము, ఖైదీలచేత ఆరుబయట బాటలు వేయించు పద్ధతిని గర్హించినది. దాని స్థానమున అది కోరినది విద్య కాదు, వృత్తి కాదు. నాలుగు గోడల నడుమ, ఏ నేర్పును అక్కఱలేని, ఏ యుత్సాహమును కలిగింపని, విసుగు పుట్టించు శ్రమ. శిక్ష సుఖమైనచో భయము నశించునని ఆ పెద్దల తర్కము. ఆ తర్కము గానుగలో మూర్తీభవించినది. 1908లో రాజద్రోహనేరమునకు శిక్షితుడైన చిదంబరం పిళ్ళెచేత కోయంబత్తూరు చెఱలో లాగించినదియు, అండమాను సెల్యులరు జైలులో రాజకీయ ఖైదీలచేత త్రిప్పించినదియు ఆ గానుగనే. నూనె తీయుటకు ఎద్దులున్నవి. మనుష్యుని కట్టుటలోని యుద్దేశము నూనె కాదని వేఱుగ చెప్పవలయునా?

పందొమ్మిదవ శతాబ్దముననే, చెఱ తన ఖర్చును తానే సంపాదించుకొనవలె నను లాభదృష్టియు బలపడినది. ఆగ్రా చెఱలో నేయబడి 1894లో విండ్సరు కోటకు చేరిన విక్టోరియా రాణి తివాచీ దీనికి పేరెన్నిక గన్న నిదర్శనము. చేతికి నేర్పు అబ్బినమాట నిజమే. ఆ నేర్పుయొక్క ఫలము ఖజానాకే చెందినది.

ఖైదీని సంస్కరించుటయు చెఱయొక్క లక్ష్యమని, కార్డ్యూ అధ్యక్షతన 1919–20లో పనిచేసిన సంఘము గట్టిగా పలికినది. అది కార్యరూపమున కానవచ్చుటకు స్వాతంత్ర్యము రావలసెను. 1952లో ఉత్తరప్రదేశమున, సంపూర్ణానందుని ప్రేరణచే, చంద్రప్రభానదిపై ఆనకట్ట కట్టుటకు ఖైదీలను గోడలు లేని శిబిరమున నిలిపి కూలి యిచ్చిరి. 1954లో మౌలాలిలోను, అటుపిమ్మట అనంతపురములోను వెలసిన బహిరంగ కారాగారములు ఆ త్రోవలోనివే.

కూలియే యీ చరిత్రకు కీలకమని నా నిశ్చయము. 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఖైదీలచేత వేతనము లేక పని చేయించుట వెట్టిని నిషేధించు రాజ్యాంగపు 23వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. వెట్టి యన నేమో తెలంగాణ పల్లెలకు తెలియనిది కాదు; ఆ మాట మన న్యాయస్థానమునుండి వెలువడుట నాకు గర్వకారణము. 1998లో సుప్రీంకోర్టు, కఠినశిక్ష పడినవానిచేత సమ్మతి లేకయు పని చేయింపవచ్చు ననుచునే, న్యాయమైన వేతనము నొసగవలెననియు, అందొక భాగము నేరబాధితులకై కేటాయింపవలెననియు చెప్పినది. 2024లో అదే న్యాయస్థానము, వంటను ఒక కులమునకును, ఊడ్చుటను మఱియొక కులమునకును పంచిన జైలు నియమములను కొట్టివేసినది. అంతకాలము అవి అచ్చులో నిలిచియుండుట తలచుకొనినచో హృదయము కుంగును.

నేడు మన జైళ్లశాఖలు నడుపు పెట్రోలు బంకులలో ఖైదీలును, విడుదలయైనవారును పని చేయుచున్నారు. సంతోషము. కాని దేశమందలి ఖైదీలలో సుమారు నాలుగింట మూడు వంతులమంది విచారణకై వేచియున్నవారే. పని కఠినశిక్షితులకే విధి గనుక, శిక్షణయు ప్రధానముగా ఆ శిక్షితుల నుద్దేశించియే నడచుచున్నది. నెలలును ఏండ్లును ఊరక గడపు విచారణఖైదీలకు, వారి యిష్టముపై, వేతనముతో, ధ్రువపత్రముపై చెఱపేరు లేకుండ పని నేర్పు ఏర్పాటు జరుగవలెనని ఈ సభాముఖమున ప్రభుత్వములను అర్థించుచున్నాను.