జనం వచ్చే గుమ్మం – దాని మీద ఆదాయం



ఇంటర్నెట్టులో జనం ఎక్కువగా వచ్చే చిరునామా మీద ఆదాయం ఎలా సంపాదించాలో మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ముప్ఫై ఆరేళ్లు ఫైళ్లకు ట్యాగులు కట్టిన గుమాస్తాకు ఈ విషయం ఎందుకని మీకు సందేహం రావచ్చు. మొదట నాకూ వచ్చింది. కాని ఇందులో నేను కొంత సంపాదించాను, ఒక పెద్ద పొరపాటూ చేశాను. రెండూ మీ ముందు పెడతాను.

రిటైరైన తరువాత డి.ఆర్. లెక్క కోసం, కమ్యుటేషన్ ఎప్పుడు పునరుద్ధరిస్తారో తెలుసుకోవడం కోసం రోజూ ఎవరో ఒకరు మా ఇంటికి వచ్చేవారు. 2017లో మా మనవడు, "తాతయ్యా, ఈ లెక్కలన్నీ ఇంటర్నెట్టులో పెట్టేద్దాం, ఎవరింట్లో వాళ్లు చూసుకుంటారు" అన్నాడు. ఒక డొమైన్ తీసుకున్నాడు. డొమైన్ అంటే ఇంటి నంబరు వంటిది. కొన్నామంటారు గాని, అది సొంత ఆస్తి కాదు. గడువులోగా రుసుము కట్టి రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. మరిచిపోతే చేజారిపోతుంది, మరొకరు తీసుకోవచ్చు.

నేను పట్టికలు తయారుచేసేవాణ్ణి, వాడు ఎక్కించేవాడు. మామూలు రోజుల్లో వందల మంది వచ్చేవారు. డి.ఆర్. జీవో వచ్చిన రోజున వేలల్లో వచ్చేవారు. ఇంత జనం వస్తున్నప్పుడు దీని మీద నాలుగు రూపాయలు ఎందుకు రాకూడదన్న ఆలోచన అప్పుడు కలిగింది.

మన తాలూకా ఆఫీసు గేటు ముందు జనం మీ అందరికీ తెలిసిందే. ఆ జనం మీద బతికేవారు నాలుగు రకాలు. ఒకడు తన గోడ మీద బోర్డులు పెట్టుకోనిచ్చి అద్దె తీసుకుంటాడు. రెండోవాడు "ఫలానా కొట్టుకు వెళ్లండి" అని పంపి కమీషను తీసుకుంటాడు. మూడోవాడు అర్జీ రాసిపెట్టి రుసుము తీసుకుంటాడు. నాలుగోవాడు ఆ స్థలమే అమ్ముకుని వెళ్లిపోతాడు. ఇంటర్నెట్టులోనూ ముఖ్యమైన మార్గాలు ఇవే.

కమీషను పద్ధతిలో, మనం పంపిన మనిషి వస్తువు కొంటేనే డబ్బు. కొనడానికి బయలుదేరిన జనం వచ్చే చోట అది నడుస్తుంది. మా దగ్గరికి వచ్చేవారు అంకె చూసుకుని వెళ్లిపోయేవారు. రుసుము పెడదామంటే, జీవోలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. వేరే చోట దొరకనిదానికే జనం డబ్బు కడతారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2011లో తన సైటుకు చందా పెట్టగలిగిందంటే, ఆ రాతలు ఇంకొకరి దగ్గర దొరకవు గనుకనే. అమ్మకం మాకు ఇష్టం లేదు. ఇక మిగిలింది ప్రకటనలు.

గూగుల్ వారు 2003లో యాడ్‌సెన్స్ అనే ఏర్పాటు ప్రారంభించారు. మన పేజీలో ఖాళీ చోటు ఇస్తే ప్రకటనలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఇటువంటి ఏర్పాట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మేమూ ఒకదానిలో చేరాము. ఒక్క మనిషి రాక మీద వచ్చేది పైసలే కాబట్టి జనం ఎక్కువ ఉన్నచోటే గిట్టుబాటు. అది విని నేను ఉత్సాహం కొద్దీ రోజూ మా పేజీ తెరిచి ప్రకటనలన్నీ నొక్కేవాణ్ణి. మన మిత్రులకు కూడా నొక్కమని చెప్పాను. మనవడు తల పట్టుకుని, "తాతయ్యా, సొంత పేజీలో ప్రకటన మనమే నొక్కితే దొంగలెక్క కింద ఖాతా మూసేస్తారు!" అన్నాడు. దొంగ మస్టరు రాసినట్టేనన్న మాట. ఆ రోజుతో మానేశాను.

నెలకు సుమారు తొమ్మిది వేలు రావడం మొదలైంది. ప్రతి రూపాయీ ఇన్‌కమ్ టాక్సు రిటర్నులో చూపించాను. మా ఇంట్లో నా మాటకు విలువ పెరిగింది.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. ఒకరోజు నాతో పనిచేసిన ఒక మిత్రుడు మా పేజీలో డి.ఆర్. పట్టిక కింద "పెన్షన్ బకాయిలు వెంటనే పొందండి" అన్న ప్రకటన చూసి నొక్కాడు. ఎవరో ఫోను చేశారు. ఆయన ఓ.టి.పి. చెప్పాడు. నలభై రెండు వేలు పోయాయి. 1930కి ఫోను చేయించాము. కొంత సొమ్ము ఆగింది గాని మిగతాది రాలేదు. నేను పరామర్శకు వెళితే ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీ పేజీలో ఉంది గదా గురువుగారూ, మీరు చూసే పెట్టి ఉంటారనుకున్నాను" అన్నాడు.

ఆ ప్రకటన నేను చూడనే లేదు. ఎవరికి ఏ ప్రకటన కనిపిస్తుందో నిర్ణయించేది నేను కాదు. కాని ఆయన నమ్మింది నన్ను. నా సంతకం లేని కాగితం నా ఫైలులో చేరినట్టు అయింది. కొన్ని రకాల ప్రకటనలను ఆపే వీలుందని మనవడు చెప్పి, ఆపాడు కూడా. ఒకటి ఆపితే అటువంటిదే ఇంకో పేరుతో వచ్చేది.

అప్పుడు మేమిద్దరం పెద్ద సైట్లవారు ఏం చేశారో చదివాము. అమెరికాలో క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన 1995లో ప్రారంభించిన క్రెయిగ్స్‌లిస్ట్‌లో సామాన్యుల ప్రకటనలు చాలావరకు ఉచితం. ఉద్యోగ ప్రకటనలు ఇచ్చే సంస్థల వంటి కొందరి వద్దనే రుసుము తీసుకుంటారు. లాభం పొందేవాడి చేత కట్టించడం ఆ పద్ధతి. వికీపీడియా 2001లో పుట్టింది. అందులో ప్రకటనలు వస్తాయేమోనని 2002లో స్పానిష్ భాషలో రాసేవారు కొందరు విడిపోయారు. ఆ ఏడాదే దాని చిరునామా డాట్ కామ్ నుంచి డాట్ ఆర్గ్‌కు మారింది. ఈనాటికీ అది ప్రధానంగా విరాళాల మీద నడుస్తున్నది. 2003లో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా ఆ నీడనే ఉన్నది.

ఇంతలో ఒక అప్పుల కంపెనీ తరఫున ఒకాయన వచ్చి మా డొమైన్‌కు మూడు లక్షలు ఇస్తానన్నాడు. దానితోపాటు, సమాచారం కోసం మా వద్ద పేరు నమోదు చేసుకున్నవారి ఫోను నంబర్లు కూడా కావాలన్నాడు. మూడు లక్షలు మాకు చిన్న మొత్తం కాదు. ఆ రాత్రి మనవడు నిద్రపోలేదు, నేనూ పోలేదు. తెల్లవారి వాడే, "ఆ నంబర్లు మనవి కావు తాతయ్యా" అన్నాడు. కాఫీ తాగి, కుదరదని కబురు పంపించాము.

ఇప్పటి ఏర్పాటు ఇది. పట్టికలు అందరికీ ఉచితం. వాటంతటవి వచ్చే ప్రకటనలు తీసివేశాము. మూడే బోర్డులు పెట్టాము. ఒక మందుల షాపు, ఒక కంటి ఆస్పత్రి, ఒక యాత్రల బస్సువారు. ముగ్గురినీ నేను స్వయంగా వెళ్లి చూశాను. నెలకింత అద్దె. పైన "ప్రకటన" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అర్జీ రాసిపెట్టమన్నవారి వద్ద రెండువందలు తీసుకుంటాము. రాబడి తొమ్మిది వేల నుంచి మూడున్నర వేలకు దిగింది. ఖర్చులు పోను మనవడి పాకెట్ ఖర్చుకు సరిపోతుంది. నా మాట విలువ కూడా ఇంట్లో కొంచెం తగ్గింది.

మీ పిల్లలో, మనవలో ఇటువంటి ప్రయత్నంలో ఉంటే మూడు ప్రశ్నలు అడగండి. వచ్చేవాడు ఏ పని మీద వస్తున్నాడు? డబ్బు ఎవరు కడుతున్నారు? మోసం జరిగితే వచ్చినవాడు ఎవరి ముఖం చూస్తాడు? మూడో ప్రశ్న నేను ఆలస్యంగా వేసుకున్నాను. ఆ ఆలస్యానికి మూల్యం నా మిత్రుడు చెల్లించాడు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. ఈ సంగతి చెప్పడానికి అనుమతి ఇచ్చింది కూడా ఆయనే.