హార్డ్‌డిస్క్‌తో ఓఎస్ వేద్దాం, కానీ "యెస్" కొట్టేముందు ఒక్క నిమిషం

ఈరోజు వీడియో మా ఇంటి వరండాలో కూర్చుని చేస్తున్నా. మా ఊరు వెల్దుర్తి. కర్నూలు వెల్దుర్తి కాదు, మెదక్ వెల్దుర్తి కూడా కాదు. మాచర్ల దగ్గరది, పల్నాడుది. వెనకాల ట్రాక్టర్ సౌండ్ వస్తే ఏమనుకోకండి, మిర్చి టైము.

విషయం ఏంటంటే, మా బాబాయికి ఎరువుల కొట్టు ఉంది. లెక్కలన్నీ ఒక పాత లాప్‌టాప్‌లో. మొన్న ఫోన్ చేసి, "ఏరా, ఇందులో ఏందో సపోర్టు అయిపోయిందని వస్తంది, పాడైపోయిందా?" అన్నాడు. పాడవలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. కావాలంటే రిజిస్టర్ చేసుకుని 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు, అంతే. విండోస్ 11 వేద్దామా అంటే దానికి టీపీఎమ్ 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచే. బాబాయిది 6వ జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్. మీ ఇంట్లో కూడా ఇలాంటి లాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది.

సరే, లినక్స్ మింట్ వేద్దాం అనుకున్నా. పెన్‌డ్రైవ్ లేదు. ఉన్నది 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. దాంతో కూడా చేయొచ్చు. కంప్యూటర్ ఆన్ అవగానే లోపలి డిస్క్ బదులు యుఎస్‌బీలో ఉన్న డిస్క్ నుంచి మొదలవ్వాలి, దాన్నే బూటబుల్ అంటాం. అది పెన్‌డ్రైవా హార్డ్‌డిస్కా అన్నది కంప్యూటర్‌కి పెద్ద తేడా లేదు. తేడా మనకే.

ఇక్కడే నేను రెండేళ్ల క్రితం చేసిన ఘనకార్యం చెప్పాలి. అప్పుడు జాబ్‌లో ఉన్నా. పండక్కి ఇంటికొచ్చి, ఫ్రెండ్ కోసం బూటబుల్ డిస్క్ చేస్తున్నా. టేబుల్ మీద రెండు హార్డ్‌డిస్కులు, రెండూ నల్లవి, రెండూ 1 టీబీ. ఒకటి ఖాళీది. రెండోదాంట్లో మా అన్నయ్య పెళ్లి ఫోటోలు, ఫుల్ వీడియో. రెండూ లాప్‌టాప్‌కి పెట్టే ఉన్నాయి. వెంటాయ్ అనే టూల్ ఓపెన్ చేశా. అది "డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, ఓకేనా?" అని అడుగుతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ యెస్ కొట్టా. బీటెక్ చదివినోణ్ణి కదా, చదవకుండా కొట్టేశా.

రూఫస్ అని ఇంకో టూల్ ఉంది కదా, అందులో హార్డ్‌డిస్కులు లిస్ట్‌లో కనిపించవు. చాలామంది "బ్రో, నా డిస్క్ రావట్లేదు" అని మెసేజ్ పెడతారు. అది బగ్ కాదు. నాలాంటోళ్ల కోసం కావాలనే దాచిపెట్టారు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో "లిస్ట్ యుఎస్‌బీ హార్డ్ డ్రైవ్స్" టిక్ పెడితేనే వస్తుంది. ఆ టిక్ పెట్టే ముందు మిగతా డిస్కులన్నీ పీకేయండి. నేను ఇప్పుడు చేసేది అదే: పని జరిగేటప్పుడు ఒక్క ఎక్స్‌టర్నల్ డిస్క్ మాత్రమే గుచ్చి ఉండాలి. తర్వాత సైజ్ చూడండి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు, అది లెక్కల తేడా.

రూఫస్ అయితే ఒక డిస్క్‌కి ఒక ఓఎస్సే. అంత పెద్ద డిస్క్ ఒక్క ఐఎస్ఓ కోసం ఎందుకు? అందుకే నాకు వెంటాయ్ ఇష్టం. ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ రెండు భాగాలవుతుంది. పెద్దది ఐఎస్ఓ ఫైళ్లకి, 32 ఎంబీ చిన్నది దాని సొంతానికి. ఇక పెద్దదాంట్లో ఐఎస్ఓ ఫైళ్లు మామూలుగా కాపీ చేసుకోవడమే. విండోస్, మింట్, ఉబుంటు ఎన్నైనా పెట్టుకోండి, బూట్ అయినప్పుడు మెనూ వస్తుంది. ఇన్‌స్టాల్ ముందే పార్టిషన్ కాన్ఫిగరేషన్‌లో చివర కొంత జాగా వదిలిపెట్టమని కూడా చెప్పొచ్చు, తర్వాత దాన్ని మామూలు ఫైళ్లకి వాడుకోవచ్చు. కానీ నా మాట వింటే ఆ డిస్క్‌లో పెళ్లి ఫోటోలు పెట్టకండి.

కంప్యూటర్ లేకుండా ఫోన్‌లోనే ఐఎస్ఓ దింపేవాళ్లకి ఒక మాట. మింట్ ఐఎస్ఓ సుమారు 3 జీబీ, విండోస్ 11ది 5 జీబీ పైనే. మనది రోజుకి 2 జీబీ ప్యాక్. మధ్యలో ఆగి, మళ్ళీ కలిపితే ఫైల్ పాడైపోవచ్చు. సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్ఏ256 కోడ్‌తో పోల్చి చూసుకోండి. కోడ్ కలవకపోతే ఇన్‌స్టాల్ సగంలో ఆగుతుంది, తిట్టుకునేది లాప్‌టాప్‌ని.

ఇప్పుడు బూట్. ఆన్ చేసిన వెంటనే కీ నొక్కుతూ ఉండాలి: డెల్, లెనోవోలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వెంటాయ్ మొదటిసారి నీలం స్క్రీన్ చూపించి కీ ఎన్‌రోల్ చేయమంటుంది, భయపడొద్దు. డిస్క్ టిక్ టిక్ అని సౌండ్ చేస్తూ కనిపించట్లేదంటే కరెంటు చాలట్లేదేమో చూడండి. యుఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీ యాంప్స్ ఇస్తుంది, 3.0 అయితే 900. హబ్ తీసేసి నేరుగా పెట్టండి.

మింట్‌లో ముందు ఇన్‌స్టాల్ నొక్కకండి. డిస్క్ నుంచే డెస్క్‌టాప్ వస్తుంది, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయా చూడండి. బాబాయి దాంట్లో అన్నీ వచ్చాయి. ఆయన ఎక్సెల్ లెక్కలు లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకున్నాయి. కొట్టులో టాలీ వాడేవాళ్లు మాత్రం తొందరపడకండి, అది విండోస్ సాఫ్ట్‌వేర్.

ఇక అన్నిటికంటే డేంజర్ చోటు. "ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి" అనే లిస్ట్. అక్కడ లాప్‌టాప్ డిస్కూ, మీరు గుచ్చిన డిస్కూ పక్కపక్కనే ఉంటాయి. విండోస్ సెటప్ యుఎస్‌బీ డిస్క్ మీద ఇన్‌స్టాల్ అవ్వనంటుంది, కానీ డిలీట్ నొక్కితే దాని పార్టిషన్‌ని డిలీట్ చేసేస్తుంది! పేరు కాదు, సైజ్ చూసి నొక్కండి. లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బూట్ సెట్టింగ్స్ ముట్టుకునే ముందే రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి రాసిపెట్టుకోండి.

మరి పెళ్లి డిస్క్ ఏమైంది? ఒక మంచి పని చేశా, దానిమీద ఇంకేమీ కాపీ చేయలేదు. ఫార్మాట్ అయినా పాత డేటా చాలావరకు అలాగే ఉంటుంది, మీద కొత్తది రాస్తేనే పోతుంది. ఫోటోరెక్ అని ఫ్రీ టూల్ రాత్రంతా నడిపించా. ఫోటోలు చాలావరకు వచ్చాయి, పేర్లు లేకుండా, అన్నీ ఎఫ్ అక్షరం పక్కన అంకెలే. ముహూర్తం ఎక్కడో, బువ్వం బంతి ఎక్కడో కలిసిపోయాయి. వీడియో మాత్రం ముక్కలైంది, తలంబ్రాల దగ్గర ఆగిపోతుంది.

అన్నయ్య ఏమీ అనలేదు. వదిన మాత్రం ఇప్పటికీ నేను ఇంట్లో డిస్క్ చేత్తో పట్టుకుంటే, "ఏది పట్టుకున్నావో చూసుకో" అంటుంది. బాబాయి లాప్‌టాప్ పని అయ్యేవరకు కూడా పక్కనే నిలబడింది.

మీ లాప్‌టాప్ మోడల్ కామెంట్‌లో పెట్టండి, బూట్ కీ ఏదో చెప్తా. ఉంటా మరి.